వినాయకుని థర్మాకోల్‌తోని రాక్షసుల కోట

2020ల లాక్‌డౌన్ పెట్టంగనే మా మేనల్లుడు హైదరాబాద్ నుంచి ఊరికొచ్చిండు. ఒక చేతిల బట్టల బ్యాగు, ఇంకో చేతిల తాడు కట్టిన అట్టడబ్బా. డబ్బాల ఏమున్నదని మా అక్క అడిగితే "ఆఫీసు సామాను" అన్నడు. పదిరోజులు పోయినంక కిస్తీ కట్టలేదని ఆని ఫోన్‌కు మెసేజ్‌లు, మెసేజ్‌ల ఎన్క ఫోన్లు మొదలైనయి. అప్పుడు డబ్బా ఇప్పిండు. లోపట బూడిద రంగు ప్లాస్టిక్ చట్రాలు. చట్రాలకు అంటుకొని చిన్న చిన్న చేతులు, కాళ్లు, తలకాయలు, కత్తులు. మూడు పెట్టెల సరుకు, పదమూడు వేలు.

మా అక్క బీడీలు చుడుతది. వెయ్యి బీడీలు చుడితే ఒకనాటి కూలి. ఆమె నోటిలెక్క ఏసుకొని "రెండు నెలల బీడీలురా ఇవి" అన్నది. తిట్టలే. తిట్టినా బాగుండు.

తిట్టుడు నేను తిట్టిన. ఇరవై ఏండ్ల నుంచి ఉద్యమాలల్ల తిరిగినోన్ని, నోటికి పని చెప్పుడు నాకు అలవాటే. పెట్టుబడిదారీ మాయ అన్న, బొమ్మలాటల వయసా అన్న. వాడు తలకాయ వంచుకొని ఒక్క మాటన్నడు: "మామా, ఇయ్యి కొనుక్కునేటియి కాదే, చేసుకునేటియి. నాకు చేసుడు రాక కొన్న." ఆ మాట నాకు ముల్లు లెక్క దిగింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఈ పని నన్ను ఇడిసిపెట్టలేదు. తమ్ముండ్లూ చెల్లెండ్లూ, మీల ఎంతోమంది యూట్యూబ్‌ల ఈ బొమ్మల వీడియోలు చూస్తున్నరని నాకు ఎరుకే. చూసి, రేటు చూసి, ఫోన్ పక్కన పెడుతున్నరని సుత ఎరుకే. అందుకే రాస్తున్న.

ముందుగాల ఇది ఏందో చెప్త. ఇంగ్లండ్, అమెరికా దిక్కు దీన్ని వార్‌గేమింగ్ అంటరు. బల్ల మీద గుట్టలు, వాగులు, కూలిన గోడలు పేర్చి, బొటనవేలంత బొమ్మలను రెండు జట్లుగ నిలబెట్టి, టేపుతోని కొలుసుకుంట జరుపుతరు, పాచికలేసి కొట్లాడుతరు. చదరంగం తీరు గళ్లు ఉండయి. నా బొమ్మ ఆరు ఇంచులు నడుస్తదంటే టేపు పెట్టి ఆరు ఇంచులే నడవాలె. నీ బొమ్మ నా బొమ్మకు కనవడుతున్నదా లేదా అంటే, వంగి బొమ్మ కండ్లకాడ మన కన్ను పెట్టి చూడాలె. గోడ అడ్డమున్నదా, బాణం తగలది. అందుకే బల్ల మీది గోడ అలంకారం కాదు, సగం ఆట అదే. ఉత్త బల్ల మీద ఆడితే ఎవని బాణం దూరం పోతే వాడే గెలుస్తడు. కొట్లాటల తిరిగినోళ్లకు ఇది చెప్పనక్కరలేదు, మైదానంల లాఠీ ముందట నిలబడుడు వేరు, గల్లీల నిలబడుడు వేరు.

బొమ్మలు రంగు లేకుండ, ముక్కలు ముక్కలుగ వస్తయి. అతికిచ్చుడు, రంగులేసుడు, బల్ల మీద ఊరు కట్టుడు మొత్తం ఆడేటోళ్ల పనే. ఆడుడు కంటె ఈ పనికే ఎక్కువ పొద్దు పెట్టేటోళ్లు చానమంది.

ఇది పెద్దోళ్ల ఆటనా? పుట్టుడైతే పెద్దోళ్ల కాడనే పుట్టింది. 1812ల ప్రష్యా రాజుకు రైస్విట్జ్ అనే ఆయన యుద్ధం ఆట బల్ల చేసి ఇచ్చిండు, నేలను చూపెట్టే పింగాణీ పలకలతోని. ఆయన కొడుకు దాన్ని బాగుచేసి 1824ల అచ్చేసిండు, సైన్యం ఆఫీసర్లు నేర్చుకున్నరు. రాజుల కాడ అట్ల. కానీ దాన్ని ఇంట్లకు తెచ్చినాయన హెచ్.జి. వెల్స్. టైం మెషీన్ కథ రాసినాయనే. 1913ల 'లిటిల్ వార్స్' అని సీసం సిపాయిలతోని ఆడే ఆట పుస్తకం తెచ్చిండు. ఆయన గుట్టలు ఏంటియి? కట్టెదిమ్మెలు, ఇంట్ల పడి ఉన్న లావు లావు పుస్తకాలు. చెట్లు ఏంటియి? పెరట్ల ఇరిసిన కొమ్మలు.

అమెరికాల గ్యారీ గైగాక్స్ కథ ఇంకా మంచిగుంటది. ఇన్సూరెన్స్ కంపెనీల నౌకరి పోతే ఇంటికాడ చెప్పులు బాగుచేసుకుంట బతికిండు. ఆ చెప్పుల పని కాలంలనే ఆటల నియమాలు రాసుకున్నడు. 1974ల డేవ్ ఆర్నెసన్‌తోని కలిసి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' తెచ్చిండు. ఇయ్యాల వీడియో గేముల్ల, సినిమాల్ల కనవడే రాక్షసులల్ల సగం ఆ ఆట నీడలే. దాంట్ల గుడ్లగూబ తలకాయ ఎలుగుబంటి ఉంటది, ఇనుము తినే పురుగు ఉంటది. అవి ఎక్కడియి? చిల్లర దుకాణంల సంచుల అమ్మే హాంకాంగ్ ప్లాస్టిక్ బొమ్మలు. ఏ జంతువో తెలవకుండ వంకరటింకరగ పోతపోసిన బొమ్మలు. వాటిని బల్ల మీద పెట్టి ఆడి, ఆడి, పేర్లు పెట్టిండ్రు. మన జాతరల ఇరవై రూపాయలకు దొరికే రంగు పోయిన డైనోసార్‌ను ఎవ్వలూ చిన్నచూపు చూడకుండ్రి.

ఇక గేమ్స్ వర్క్‌షాప్. 'వార్‌హ్యామర్' ఆట వాళ్లదే, 1983ల మొదటిసారి వచ్చింది. అంతరిక్షం యుద్ధం 'వార్‌హ్యామర్ 40,000' వచ్చింది 1987ల. ఇప్పుడు వీళ్ల బొమ్మలల్ల ఒక్క నాయకుని బొమ్మే ఇరవై పౌండ్ల పైన ఉంటది. 2024 డిసెంబర్‌ల లండన్ షేర్ మార్కెట్‌ల వంద పెద్ద కంపెనీల పట్టికల చేరింది. అసొంటి కంపెనీ 1975ల ముగ్గురు దోస్తులు లండన్‌ల పెట్టుకున్నదే. అప్పుడు వాళ్లు అమ్మినయి ఏంటియో తెలుసా? చేతితోని చేసిన ఆట పలకలు. అండ్ల మంకాలా పలకలున్నయి, నైన్ మెన్స్ మోరిస్ పలకలున్నయి. మంకాలా అంటే మన ఓనగుంటల చుట్టపు ఆటనే. రెండోది మన దాడి ఆట, మా నాయనమ్మ గచ్చు మీద బొగ్గుతోని గీసి చింతగింజలు, గాజు పెంకులతోని ఆడింది. ఇది సదివిన్నాడు నేను గచ్చు మీద కూసొని మస్తుసేపు నవ్విన.

ఇంకోటి. 1980ల చివర్ల వాళ్ల పత్రికలనే డియోడరెంట్ డబ్బాతోని యుద్ధట్యాంకు చేసుకునే పద్ధతి చెప్పిండ్రు. ఇప్పుడు ట్యాంకులు పెట్టెల కట్టి అమ్ముతరు. దోషమంటలేను, వాళ్ల పనితనం గొప్పదే. కానీ చేసుకునుడు మర్సిపోయేటట్టు అమ్ముడు ఒకటుంటది, నా మేనల్లునికి తాకింది అదే.

సరే, పనికొస్త. మేం మొదలు ఒక బురుజు కట్టినం. ఎనకటి ఏడు వినాయకుని మండపానికి తెచ్చిన థర్మాకోల్ పలకలు యూత్ బిల్డింగుల అటక మీద ఉండె. కట్టర్ బ్లేడుతోని కోసినం, ఫెవికాల్‌తోని అతికిచ్చినం, మూడు రోజులు పట్టింది. నాలుగోనాడు నేను హుషారుగ సైకిళ్లకు కొట్టే నల్ల స్ప్రే డబ్బా తెచ్చి కొట్టిన. నా కండ్ల ముందటనే బురుజు కరిగింది. మంట లేదు పొగ లేదు, ఉప్పు బొమ్మ మీద వాన పడ్డట్టు గుంతలు పడి కుంగింది. స్ప్రేల ఉండే ద్రావకం థర్మాకోల్‌ను తింటది. అందుకే మొదటి సూత్రం: థర్మాకోల్ మీద స్ప్రే కొట్టొద్దు. కొట్టాలంటే ముందుగాల ఫెవికాల్‌ల నల్ల నీళ్ల పెయింటు కలిపి, సందు లేకుండ రెండుసార్లు పుయ్యాలె. ఆ పొర ఆరినంక గట్టిపడి కవచం తీరు నిలబడుతది, అంచులు సుత రాలయి.

థర్మాకోల్‌ల రెండు తీర్లు. టీవీ డబ్బాల వచ్చేది గింజ థర్మాకోల్, కోస్తే సాబుదానా లెక్క రాలుతది. ఇంకోటి గింజ లేకుండ నున్నగ, గట్టిగ ఉండే పలక, పట్నంల మిద్దెలకు వేడి ఆపనీకి ఏస్తరు. వీడియోలల్ల వాళ్లు కోసేది ఈ రెండోదే. కట్టడం నడిచేకాడ ముక్కలు పారేస్తరు, మేస్త్రిని అడిగితే ఇస్తరు. దీని మీద బాల్‌పెన్నుతోని ఒత్తి గీస్తే ఇటుకల గీతలు పడుతయి. అల్యూమినియం ఫాయిల్‌ను ఉండచుట్టి గీతల మీద దొర్లిస్తే రాతి గరుకు వస్తది. గంతే, ఇంకో పనిముట్టు అక్కరలేదు. గింజ థర్మాకోల్ ఉంటే దాని మీద అట్టముక్కలు అతికియ్యాలె, లేకుంటే లప్పం పుయ్యాలె. రాలిన గింజలను ఊడ్సి సంచిల కట్టుండ్రి, గాలికి పోతే మోరీలల్ల, చేన్లల్ల తేలుతయి. కాల్సుడు మాత్రం వద్దు, ఆ పొగ మంచిది కాదు.

కొలతలు మొదలే రాసుకోవాలె. బొమ్మ కాలు కాడి నుంచి కంటిదాకా సుమారు 28 మిల్లీమీటర్లు ఉంటది, కొత్తగ వచ్చేటియి ఇంకా జెర పొడుగు. తలుపు నాలుగు సెంటీమీటర్లు, అంతస్తు ఏడెనిమిది సెంటీమీటర్లు పెడితే కంటికి ఒప్పుతది. మేం మెట్లు మస్తు అందంగ కట్టినం, ఒక్క బొమ్మ నిలబడలే. బొమ్మ కింద గుండ్రటి బిళ్ల ఉంటది, 25 మిల్లీమీటర్లదో 32దో. మెట్టు ఆ బిళ్ల కంటె వెడల్పు లేకుంటే దొర్లిపడుతది. చూసేటందుకు కట్టుడు వేరు, ఆడేటందుకు కట్టుడు వేరు.

రెండో బురుజుకు పైకప్పు కావాలె. పెంకులు. నేను అట్టను కోస్తుంటే ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి వంకర. పక్కన అక్క చాట ముందట పెట్టుకొని తునికాకు కత్తిరిస్తున్నది. తునికాకు మీద రేకు కొలత పెట్టి కత్తెర తిప్పితే ఆకు ఆకుకు తేడా ఉండది, ముప్పై ఏండ్ల చెయ్యి అది. నా గోస చూడలేక చాట పక్కకు జరిపి "ఇటు తే" అన్నది. అరగంటల రెండు వందల పెంకులు కోసి పెట్టింది, పాత పెండ్లిపత్రికల అట్టతోని. ఒక్క దానికి ఒకటి దించినట్టున్నయి. నా మేనల్లుడు వాటిని ముట్టకుండ చాన సేపు చూసిండు. అక్క ఏమనలేదు, మళ్ల చాట ముందటికి గుంజుకున్నది. కింది వరుస నుంచి మీదికి, ఒకదాని మీద ఒకటి సగం ఎక్కిచ్చుకుంట అతికియ్యాలని సుత ఆమెనే చెప్పింది. నేను మీది నుంచి మొదలుపెట్టిన. గట్ల ఏస్తే వాననీళ్లు ఇంట్లకే వస్తయి కదా.

మిగిలిన సామాను సంగతి తొందరగ చెప్త. కంచెకు ఊదుబత్తి పుల్లలు, బల్లేలకు చీపురు పుల్లలు. మట్టికి ఇసుక జల్లెడ పట్టి ఫెవికాల్ మీద చల్లుడు. వాడిన చాపత్తి సుత మంచి నేల అయితది, కానీ ఎండల కటకట ఎండాలె, లేకుంటే బూజు పడుతది. గడ్డికి రంపం పొట్టును ఆకుపచ్చ రంగుల ముంచి ఆరబెట్టాలె. రంగులకు ఖరీదు సీసాలు కొనకుండ్రి, బురుజులకు హార్డ్‌వేర్ దుకాణంల తెల్ల ఎమల్షన్ ఒక డబ్బా, నాలుగు స్టెయినర్లు చాలు.

రాయికి రంగేసే ఉపాయం అందరికంటె ముందు నేర్సుకోవాలె. మొత్తం నల్లగ పూసి ఆరనియ్యాలె. పాత కుంచెను బూడిద రంగుల ముంచి, బట్టకు తుడిసి తుడిసి రంగు అయిపోయిందన్నట్టు చేయాలె. అప్పుడు ఆ పొడి కుంచెను రాయి మీద ఒరిపించాలె. ఎత్తున్నకాడ మాత్రమే రంగు అంటుతది, గుంతలల్ల నలుపు అట్లనే ఉంటది. మళ్ల ఇంకా తెల్లటి బూడిద రంగు, ఇంకా తక్కువ. పది నిమిషాలల్ల థర్మాకోల్ రాయి అయితది. మొదటిసారి చూసినోళ్లు గోటితోని గీకి చూస్తరు, మా సర్పంచ్ సుత గీకిండు.

బొమ్మకు రంగేసుడు ఇంకో లోకం. నేను గోడల మీద నినాదాలు రాసిన మనిషిని, అక్షరం మనిషి ఎత్తు ఉంటది. అక్కడ రంగు చిక్కగుండాలె, ఒక్క గుంజుడుకు పడాలె. అదే చెయ్యి బొమ్మ మీద పెడితే మొదటి సిపాయి మొఖం మీద పెరుగు పోసినట్టయింది. కన్ను, ముక్కు అన్నీ పూడుకపోయినయి. ఇక్కడ రంగు పాల తీరు పల్చగ ఉండాలె. ఒక్క పొర ఏస్తే కింది రంగు కనవడుతది, కంగారు పడొద్దు. ఆరనిచ్చి ఇంకో పొర. రెండు పల్చటి పొరలు ఒక చిక్కటి పొర కంటె ఎప్పటికీ మేలే.

దానికి ముందు ప్రైమర్ ఉండాలె, ఉత్త ప్లాస్టిక్ మీద నీళ్ల రంగు తామరాకు మీద నీళ్ల లెక్క జారుతది. ఇది మనకు కొత్త ముచ్చట కాదు. సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ కళాకారులు రంగు ముట్టేకంటె ముందు బట్టకు గంజి, సుద్దమట్టి, ఉడికిచ్చిన చింతగింజల అంబలి, జిగురు కలిపి పూస్తరు. ఆ ప్రైమరే వాళ్ల బొమ్మకు పట్టు. వాళ్ల మాస్కులు సుత రంపం పొట్టు, చింతగింజల గుజ్జుతోని అయితయి. మేం సుత చింతగింజలు ఉడికిచ్చి, పొట్టు కలిపి ఒక గుట్ట చేసినం. ఆరేటప్పుడు పగుళ్లు వచ్చినయి, ఆ పగుళ్లే మంచి బండరాయి అయినయి. రాత్రి ఎలుకలు ఒక మూల తిన్నయి, అది వేరే సంగతి.

స్ప్రే ప్రైమర్ కొట్టేది పొద్దుగాల చల్లటి పూట పెట్టుకోండ్రి. మన మే నెల ఎండల మిట్టమధ్యాహ్నం కొడితే తుంపర గాలిలనే ఆరి, బొమ్మ మీద ఇసుక చల్లినట్టు గరుకయితది. ముసురుల కొడితే తెల్లగ మసకబారుతది. ముందుగాల మొత్తం నలుపు కొట్టి, తర్వాత తలకాయ మీది నుంచి తెలుపు ఒక్క తుంపర కొడితే ఎండ ఎక్కడ పడుతదో, నీడ ఎక్కడ ఉంటదో బొమ్మనే చూపెడతది. రంగులైనంక నీళ్లల్ల కలిపిన నల్ల-మట్టి రంగు ఒకసారి పారిస్తే, అది మడతలల్లకు పోయి నిలబడుతది. బట్ట మడత, గడ్డం పోగు, కవచం సందు అన్నీ లేస్తయి. చివరికి అంచుల మీద తెల్లటి గీత. కన్ను ఆఖరికి పెట్టకుండ్రి, మొఖంతోని పాటే మొదలు పెట్టుకోండ్రి. తప్పితే చుట్టూ చర్మం రంగుతోని దిద్దుకోవచ్చు.

పాడైన బొమ్మ రంగు తీసేటందుకు నేను థిన్నర్ల ముంచి ఒక సిపాయి చెయ్యి కరిగిచ్చిన. థిన్నర్, పెట్రోల్ వద్దు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ల నానేసి పాత బ్రష్‌తోని తోమితే పోతది. కిటికీ తెరిసి పెట్టుకొని, మంటకు దూరంగ చేయాలె. ఇప్పుడు త్రీడీ ప్రింటర్ల రెసిన్ బొమ్మలు వస్తున్నయి, చవ్వనే. కానీ ఆరని రెసిన్‌ను ఉత్త చేతులతోని ముట్టొద్దు, చర్మానికి పడది, గ్లౌజులు కావాలె.

ఎవల బొమ్మలు కావాలంటరా? ఎవలయైనా. జోసెఫ్ మెక్‌కల్లో రాసిన 'ఫ్రాస్ట్‌గ్రేవ్' అనే ఆట 2015ల వచ్చింది. మంచుల కూలిన పట్నంల మంత్రగాళ్లు నిధి కోసం కొట్లాడుతరు. జట్టుకు పదిమంది చాలు, ఏ కంపెనీ బొమ్మైనా నడుస్తది, మూడడుగుల బల్ల చాలు. బురుజులు, గోడలు మాత్రం దండిగ కావాలె. అంటే చేసుకునేటోనికి అచ్చొచ్చే ఆట. ఇరవై ముఖాల పాచిక కావాలంటది, మేం ఒకటి నుంచి ఇరవై దాకా చీటీలు రాసి చెంబుల ఏసుకున్నం.

మా సంఘం దోస్తు ఒకాయన నన్ను నిలదీసిండు, "యుద్ధం వద్దని సభలు పెట్టేటోనివి, యుద్ధం ఆట ఏంది?" అని. ఈ ప్రశ్న కొట్టిపారేసేది కాదు. వెల్స్ సుత యుద్ధం కోరినోడు కాదు. బల్ల మీద ఆడి చూస్తే అసలు యుద్ధం ఎంత తెలివితక్కువదో, ఎంత పెద్ద తప్పో తెలుస్తదని ఆ పుస్తకం చివర్ల ఆయననే రాసిండు. వార్‌హ్యామర్ 40,000ల మనుషుల సామ్రాజ్యం ద్వేషం మీద నడిచే నియంత రాజ్యం, దాన్ని చూసి ముచ్చటపడి జెండా మోసేటోళ్లు సుత తయారైండ్రు. 2021 నవంబర్‌ల కంపెనీయే, అది వెక్కిరింపు కోసం రాసిన రాజ్యమని, ద్వేషగుర్తులు ఏసుకొచ్చేటోళ్లకు చోటు లేదని చెప్పాల్సొచ్చింది. కాబట్టి కథను కండ్లు తెరుసుకొనే ఆడాలె. మా బల్ల మీద మేం రాజులను పెట్టలే. ఒకదిక్కు ఊరోళ్లు, ఒకదిక్కు గడీ. గడీ కట్టింది నేనే, అందుకే దాన్ని పడగొట్టేటప్పుడు కొంచెం బాధనే.

అప్పు సంగతి అడుగుతరేమో. మూడు పెట్టెలల్ల ఒకటే ఇప్పినం. లాక్‌డౌన్ ఎత్తేసినంక మిగిలిన రెండింటిని మేనల్లుడు హైదరాబాద్‌ల ఆడేటోళ్లకు అమ్మిండు, కొన్నదానికంటె జెర తక్కువకే. మిగిలిన కిస్తీలు ఇద్దరం కలిసి కట్టినం. వాడు ఇప్పుడు బొమ్మలు కొనడనుకోకుండ్రి, ఏడాదికి ఒకటో రెండో కొంటడు, అక్కకు చెప్పే కొంటడు. ఈ ఏడు వాగు మీద వంతెన కడుతున్నం. కమాను రాళ్లు అక్క కత్తిరించింది, రంగు నేనేసిన, వార్నిష్ కొట్టేది మిగిలింది. ముసురు పట్టి వారమైంది, తెరిపి ఇస్తే కొట్టాలె.